కప్పులోకి దిగని పచ్చదనం

గ్రీన్ టీ పెట్టె ఆకుపచ్చగా ఉంటుంది. దాని మీది అక్షరాలు, కొండవాలు బొమ్మ, టీ బ్యాగ్ దారానికి వేలాడే చీటీ, అన్నీ అదే రంగు. వేడినీళ్లలో ముంచాక కప్పులో కనిపించేది మాత్రం లేత పసుపు. కాస్త ఎక్కువసేపు ఉంచితే ముదురు పసుపు, మాటల్లో పడి పక్కన పెట్టేస్తే గోధుమరంగు. ఇది చూసి నాసిరకం సరుకు అంటగట్టారని అనుకునేవాళ్లున్నారు. ఇంకాస్త పచ్చగా దిగే బ్రాండ్ కోసం వెతికేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు తంటాలకూ మూలం ఒక్కటే: పేరులో ఉన్న రంగు కప్పులో ఉండి తీరాలన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని పరీక్షకు పెడితే తేలేది వేరు. గ్రీన్ టీ అన్న పేరు మనం తాగే నీటి రంగును చెప్పదు. కోసిన ఆకులో తనంతట తానే మొదలయ్యే ఒక మార్పును మనిషి పనిగట్టుకుని ఆపేశాడని చెబుతుంది. పేరును రంగుగా చదువుకున్న చోట వృక్షశాస్త్రజ్ఞులు దారి తప్పారు, కొనేవాళ్లు మోసపోయారు. దానికి చరిత్రలో కావలసినంత సాక్ష్యం ఉంది.

ముందు ఆకు సంగతి. తేయాకు పచ్చగా ఉండటానికి కారణం అన్ని ఆకులకూ ఉన్నదే, పత్రహరితం. అందులో 'ఎ' రకం నీలం కలిసిన ఆకుపచ్చ, 'బి' రకం పసుపు కలిసిన ఆకుపచ్చ. రెండూ నూనెలో, ఆల్కహాల్‌లో కరుగుతాయి గానీ నీళ్లలో దాదాపు కరగవు. వాటి అణువుకు పొడవైన కర్బన గొలుసు ఒకటి తగిలి ఉంటుంది, దానికీ నీటికీ పొసగదు. అందుకే ఎంత మరిగించినా పత్రహరితంలో ఎక్కువ భాగం ఆకులోనే ఉండిపోతుంది. నీళ్లలోకి దిగేవి వేరే ఉన్నాయి. వగరునిచ్చే కాటెచిన్లు అందులో ముఖ్యమైనవి, కానీ వాటికి చెప్పుకోదగ్గ రంగు లేదు. పసుపు వన్నె ఇచ్చేవి ఫ్లేవనాల్స్, ఫ్లేవోన్లు. క్వెర్సెటిన్, కెంప్ఫెరాల్, మిరిసెటిన్ లాంటివి చక్కెర అణువులతో జతకట్టి ఉండటం వల్ల నీళ్లలో సులభంగా కరుగుతాయి. అంటే గ్రీన్ టీ కప్పు పసుపుగా ఉండటం లోపం కాదు. అందులో కరిగిన పదార్థాల అసలు రంగే అది.

మరి జపాన్ టీ చిక్కటి ఆకుపచ్చగా ఉంటుంది కదా, దానికేమంటారు? న్యాయమైన ప్రశ్నే. జపాన్‌లో 'ఫుకముషి' అనే పద్ధతిలో ఆకును మామూలు కంటే ఎక్కువసేపు ఆవిరి పడతారు. ఆకు బాగా మెత్తబడి, నలిపేటప్పుడు సన్నటి పొడిగా విరుగుతుంది. ఆ నలుసులు నీళ్లలో తేలుతూ కప్పును పచ్చగా చూపిస్తాయి. కప్పును కదపకుండా కాసేపు ఉంచితే అడుగున పచ్చటి మడ్డి పేరుకుంటుంది. రంగు నీళ్లలో కరగలేదనీ, ఆకు నలుసులతో పాటు తేలిందనీ చెప్పడానికి ఆ మడ్డి చాలు. మాచా సంగతి ఇంకా తేటతెల్లం. అక్కడ ఆకును నీళ్లలో ఊరబెట్టి తీసేయరు, విసిరిన ఆకుపొడినే నీళ్లలో గిలక్కొట్టి తాగుతారు. పైగా మాచాకు వాడే తోటలకు కోతకు ముందు మూడు వారాల పాటు పందిరి వేసి నీడ పట్టిస్తారు. వెలుతురు తగ్గేసరికి, దొరికిన కాస్త వెలుగునూ పట్టుకోవడానికి మొక్క పత్రహరితాన్ని ఎక్కువగా తయారుచేసుకుంటుంది. పత్రహరితం కావాలంటే ఆకునే మింగాలి, వేరే దారి లేదని మాచా చెప్పకనే చెబుతోంది.

అయితే ఆ పేరు దేన్ని చెబుతున్నట్టు? తేయాకు కణంలో కాటెచిన్లు ఒక గదిలో, పోలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ మరో గదిలో ఉంటాయి. ఆకు వాడినా, నలిగినా ఆ గదుల గోడలు కూలతాయి. గాలిలోని ఆక్సిజన్ తోడుకాగా ఎంజైమ్ కాటెచిన్ల మీద పడుతుంది. వాటి నుంచి నారింజ ఎరుపులో మెరిసే థియాఫ్లావిన్లు, ముదురు ఎరుపు, గోధుమ వన్నెల థియారుబిజిన్లు పుడతాయి. మన ఇళ్లలో మరిగే సీటీసీ టీపొడి ఈ మార్పును చివరికంటా నడిపించి చేసిందే. నలిపి, చీల్చి, చుట్టే ఆ యంత్రాన్ని 1930ల తొలినాళ్లలో అస్సాంలో తయారుచేసిందే ఆకులోని ప్రతి కణాన్నీ వేగంగా చిదమడానికి. వ్యాపారులు దీన్ని పులియబెట్టడం అంటారు గానీ ఇందులో సూక్ష్మజీవుల ప్రమేయం లేదు, జరిగేది ఆక్సీకరణం. గ్రీన్ టీ తయారీదారు చేసే పని దీనికి సరిగ్గా ఎదురు. ఎంజైమ్ పని మొదలుపెట్టకముందే దాన్ని వేడితో చంపేస్తాడు. చైనాలో ఎక్కువచోట్ల కాలిన ఇనప మూకుడులో ఆకును వేయించి, జపాన్‌లో ఆవిరి పట్టించి ఈ పని చేస్తారు. మామూలు ఆవిరికి నిమిషం కూడా పట్టదు. తర్వాత నలపడం, ఆరబెట్టడం ఎలా ఉన్నా, ఆ టీ జాతకం ఆ కొద్ది క్షణాల్లోనే తేలిపోతుంది.

ఈ సంగతి చైనా రైతుకు తెలిసినా యూరప్ పండితులకు చాలాకాలం తెలియలేదు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ తేయాకు మొక్కకు థియా సైనెన్సిస్ అని ఒకే పేరు పెట్టాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. 1762 నాటి కూర్పులో దాన్ని రెండుగా చీల్చాడు: ఆరు రేకుల పూలు పూసేది థియా బోహియా, తొమ్మిది రేకులది థియా విరిడిస్. నల్ల టీ మొదటి మొక్క నుంచీ, గ్రీన్ టీ రెండోదాని నుంచీ వస్తాయని యూరప్‌లో స్థిరపడిపోయింది. విరిడిస్ అంటే లాటిన్‌లో ఆకుపచ్చ అనే. అంటే అంగడిలో సరుకుకు ఉన్న రంగు పేరును తీసుకెళ్లి చెట్టుకు అంటగట్టారు. ఆ చెట్టును పెరిగే చోట చూసినవాళ్లు అప్పట్లో యూరప్‌లో బహు తక్కువ. నల్లమందు యుద్ధం తర్వాత 1843లో చైనా వెళ్లిన స్కాట్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫార్చూన్ ఈ చిక్కుముడి విప్పాడు. ఫుజియాన్‌లో నల్ల టీ తయారయ్యే కొండల మీద అతనికి కనిపించింది పండితులు 'విరిడిస్' అన్న మొక్కే. రెండు రకాల టీలకూ తేడా చెట్టులో లేదనీ, ఆకు కోశాక చేసే పనిలోనే ఉందనీ 1847లో అచ్చయిన పుస్తకంలో అతను రాశాడు. ఇప్పుడు అన్నిటినీ కమెల్లియా సైనెన్సిస్ అనే ఒక్క జాతి కిందే లెక్కిస్తున్నాం.

చెట్టు ఒకటే అయినా, తయారైన ఆకు రంగును బట్టి గ్రీన్ టీని గుర్తుపట్టొచ్చు కదా అనేవారికి నాలుగు ఉదాహరణలు చాలు. వసంతంలో కోసే డార్జిలింగ్ తొలికోత టీలో ఆకు సగం పచ్చగానే ఉంటుంది, కప్పులో లేత బంగారు వన్నె దిగుతుంది. అయినా అది నల్ల టీ కిందే అమ్ముడవుతుంది. ఎందుకంటే అక్కడ ఎంజైమ్‌ను ముందుగా చంపలేదు, ఆకును బాగా వాడ్చడం వల్ల అది అరకొరగా పనిచేసింది. ఫుజియాన్‌లోని అన్షీలో ఈ కాలపు టీగ్వాన్యిన్ చాలా గ్రీన్ టీల కంటే పచ్చగా మెరుస్తుంది, కానీ అది ఆక్సీకరణాన్ని కొంతవరకు సాగనిచ్చిన ఊలాంగ్. జపాన్ హోజిచాలో ఆకు కాఫీగింజల్లా గోధుమరంగు, కప్పులో దిగేదీ అదే రంగు. అయినా అది గ్రీన్ టీయే, ఎంజైమ్‌ను చంపిన తర్వాతే ఆకును మళ్లీ వేయించారు కనుక. చైనాలోని ఝెజియాంగ్‌లో పండే 'అంజి బైచా'కు పేరులోనే తెలుపు ఉంది. వసంతపు చలికి పత్రహరితం సరిగా పట్టక దాని లేత ఆకులు పాలిపోయి ఉంటాయి. తయారీని బట్టి చూస్తే అదీ గ్రీన్ టీయే. పచ్చగా ఉన్నవన్నీ గ్రీన్ టీలు కావు, గ్రీన్ టీలన్నీ పచ్చగా ఉండవు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చే నిర్వచనం, ఐఎస్‌ఓ 11287, దీన్ని బాగా పట్టుకుంది. ఎంజైమ్‌ను నిర్వీర్యం చేయడం, నలపడం లేదా ముక్కలు చేయడం, ఆరబెట్టడం, ఇవీ అది అడిగేవి. మొత్తం పోలీఫినాల్స్ కనీసం 11 శాతం, కాటెచిన్లు కనీసం 7 శాతం ఉండాలంటుంది. ఇంత రంగు ఉండాలని మాత్రం ఎక్కడా లెక్క పెట్టదు. మన దేశంలో ఆహార భద్రత ప్రమాణాల సంస్థ ఇచ్చిన నిర్వచనమూ దాదాపు ఇదే.

టీకి ఫలానా రంగే ఉండాలన్న పట్టింపు కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది కూడా. 8వ శతాబ్దంలో చైనా రచయిత లూ యూ తన టీ గ్రంథంలో గిన్నెలను పోల్చాడు. తెల్లని ష్యింగ్ పింగాణీలో టీ ఎర్రగా, పచ్చటి యుయె పింగాణీలో టీ పచ్చగా కనిపిస్తుందని తేల్చి, రెండోదానికే ఓటు వేశాడు. టీకి ఉన్న రంగు అతనికి నచ్చలేదు, కావలసిన రంగును గిన్నె నుంచి అరువు తెచ్చుకున్నాడని దానర్థం. 11వ శతాబ్దానికి సోంగ్ రాజుల కాలంలో రుచి మారింది. నురగ తెల్లగా వచ్చే టీకే గౌరవం, ఆ తెలుపు ఎత్తి కనిపించడానికి నల్లటి గిన్నెలు. జపాన్‌లో సామాన్యులు తాగింది శతాబ్దాల పాటు గోధుమరంగు కషాయమే. ఉజి ప్రాంతపు నగతాని సోయెన్ 1738లో ఆవిరి పట్టి, చేత్తో నలుపుతూ ఆరబెట్టే పద్ధతిని స్థిరపరిచాకే అక్కడ 'సెన్చా'కు పచ్చదనం ఒక ఘనతగా వచ్చింది.

ఇక రంగును చూసి డబ్బు పెట్టినవాళ్ల కథ. 1820లో లండన్‌లో ఫ్రెడరిక్ ఆకుమ్ ఆహార కల్తీల మీద రాసిన పుస్తకం గగ్గోలు పుట్టించింది. ఏదో కంచె పొద ఆకులను ఎండబెట్టి, రాగి చిలుముతో పచ్చబరిచి గ్రీన్ టీగా అమ్ముతున్నారని అందులో బయటపెట్టాడు. చిలుము ఎందుకంటే, రాగి పత్రహరితంలో చొరబడితే చెదరని నిగనిగల పచ్చదనం వస్తుంది, అది విషమన్నది వేరే మాట. 1830ల్లో చైనా రేవు కాంటన్‌లో పాడైపోయిన నల్ల టీ ఆకుకు ముందు పసుపు, ఆ తర్వాత ప్రష్యన్ బ్లూ, జిప్సం పట్టించి గ్రీన్ టీగా మార్చడాన్ని చూసి ఆంగ్లేయుడు జాన్ ఫ్రాన్సిస్ డేవిస్ రాశాడు. పసుపూ నీలమూ కలిస్తే పచ్చ అన్న బడిపిల్లల సూత్రమే అక్కడ వ్యాపార రహస్యం. 1844లో లండన్ రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ అంగడి టీలను పరీక్షించి అవే రంగులను పట్టుకున్నాడు. ఫార్చూన్ ఈస్టిండియా కంపెనీ తరఫున మళ్లీ చైనా వెళ్లి హుయిజౌ టీ కార్ఖానాలో అడుగుపెట్టినప్పుడు పనివాళ్ల చేతులు నీలంగా ఉన్నాయి. నాలుగు పాళ్లు కాల్చిన జిప్సం, మూడు పాళ్లు ప్రష్యన్ బ్లూ నూరి, ఆఖరి వేపుడులో ఆకు మీద చల్లి చేతులతో కలుపుతున్నారు.

ఎందుకిలా అని అడిగితే వాళ్లిచ్చిన జవాబును ఫార్చూన్ దాచకుండా రాశాడు: పరదేశులకు ఇలా ఒకే తీరున మెరిసే టీ ఇష్టం, దానికే ఎక్కువ ధర పలుకుతుంది. తాము మాత్రం అలాంటిది తాగరట. ఇంగ్లండ్, అమెరికాల్లో తాగే ప్రతి నూరు పౌండ్ల రంగు టీలో అర పౌండు పైచిలుకు ప్రష్యన్ బ్లూ, జిప్సం ఉంటాయని అతను లెక్కగట్టాడు. ఆ రంగుల నమూనాలు 1851 నాటి లండన్ మహా ప్రదర్శనకు వెళ్లాయి. ప్రష్యన్ బ్లూ ఆ మోతాదులో ప్రాణాంతకం కాదు, ఇప్పుడు థాలియం విషానికి విరుగుడుగా వాడుతున్నారు కూడా. నేరం అదేమీ కాదు. గ్రీన్ టీ అంటే ఇలా ఉండాలని కొనేవాడు ఒక రంగును మనసులో పెట్టుకున్నాడు, అమ్మేవాడు ఆ రంగును తెచ్చి చూపించాడు. ఈ గుట్టు రట్టయినందువల్లే ఇంగ్లండ్ నల్ల టీకి మళ్లిందని తరచూ రాస్తుంటారు. అది అతిశయోక్తి. అక్కడ అప్పటికే నల్ల టీదే పైచేయి, అనుమానం ఆ మొగ్గును ఇంకాస్త పెంచి ఉంటుంది. గ్రీన్ టీని వదలని అమెరికా, కృత్రిమ రంగు వేసిన టీ దిగుమతిని 1911లో నిషేధించింది.

అలాగైతే రంగును అసలు పట్టించుకోనక్కర్లేదా? అంత దూరం వెళ్లడం కూడా తప్పే. రంగు కొన్ని విషయాలు చెబుతుంది, దాన్ని ఏ ప్రశ్న అడగాలో తెలియాలంతే. గోంగూర పొయ్యి మీద పెట్టిన కాసేపటికే ఆ పచ్చదనం పోయి ముదురు ఆలివ్ రంగుకు తిరగడం మన వంటిళ్లలో అందరూ ఎరిగిందే. గోంగూర పులుపులోని ఆమ్లం, వేడి కలిసి పత్రహరితం అణువు నడుమ ఉండే మెగ్నీషియాన్ని ఊడగొట్టేస్తాయి. మిగిలేది ఫియోఫైటిన్ అనే మట్టిరంగు పదార్థం. గ్రీన్ టీ డబ్బాలో కూడా జరిగేది ఇదే, కాకపోతే నెలల తరబడి మెల్లగా. తేమ, వేడి, వెలుతురు దాన్ని వేగిరపరుస్తాయి. పొయ్యి పక్కన గాజు సీసాలో పోసిపెట్టిన ఆకు గోధుమరంగుకు తిరిగిందంటే దాని వాసన, తాజాదనం కూడా చాలావరకు పోయాయని అర్థం. కాబట్టి ఒకే టీని దానితోనే, నిరుటి సరుకును ఈ ఏటి సరుకుతో పోల్చేటప్పుడు రంగు నమ్మకమైన సాక్షి. ఒక రకాన్ని మరో రకంతో పోల్చేటప్పుడు మాత్రం అది దొంగసాక్ష్యం చెబుతుంది. చైనాలో పేరుగాంచిన లాంగ్‌జింగ్‌లో మేలైనదిగా చెప్పుకునే శిఫెంగ్ కొండల ఆకు మూకుడులో వేగి కాస్త పసుపు తిరిగి ఉంటుంది. దాని పక్కన జపాన్ సెన్చా పెట్టి, పచ్చగా ఉన్నదే గొప్పదంటే ఆ తీర్పుకు విలువ లేదు.

ఇంకో అభ్యంతరం మిగిలింది. పేరు పుట్టింది రంగు నుంచే కదా? పుట్టింది అక్కడే, ఒప్పుకోవాలి. నల్లగా చుట్టుకుపోయిన ఆకు పక్కన పచ్చగా మిగిలిన ఆకును చూసే చైనీయులూ, వాళ్ల దగ్గర కొన్న యూరప్ వర్తకులూ ఈ పేరు పెట్టారు. కానీ మనం నల్ల టీ అనేదాన్ని చైనీయులు ఎర్ర టీ అంటారు. వాళ్లు కప్పులోని ద్రవాన్ని చూశారు, యూరప్ వర్తకుడు పెట్టెలోని ఆకును చూశాడు. ఒకే సరుకుకు రెండు రంగులు అంటుకున్నాయంటే రంగు పేర్లు ఎంత వదులుగా కుదిరాయో తెలుస్తుంది. చైనాలో 20వ శతాబ్దపు టీ శాస్త్రజ్ఞులు ఆకుపచ్చ, తెలుపు, పసుపు, ఊలాంగ్, ఎరుపు, నలుపు అని ఆరు తరగతులను ఖాయం చేసినప్పుడు రంగుల పేర్లు అలాగే ఉంచారు. తరగతిని నిర్ణయించే గీటురాయిగా మాత్రం తయారీ పద్ధతిని పెట్టుకున్నారు. పాత పేరు కింద కొత్త అర్థం స్థిరపడింది. కొనేవాళ్లలో చాలామందికి ఆ కబురు ఇంకా అందలేదు.

ఎంజైమ్‌ను చంపేశాక కూడా కప్పులో రంగు ఎందుకు ముదురుతుందన్నది మనకు దగ్గరి ప్రశ్న. ఎంజైమ్ లేకపోయినా ఆక్సిజన్ ఉంది. కాటెచిన్లు తమంతట తామే మెల్లగా ఆక్సీకరణం చెందుతాయి, వేడిలో కాస్త తొందరగా, క్షారంలో ఇంకా తొందరగా. జపాన్‌లో 1985లో డబ్బా గ్రీన్ టీని మొదట అమ్మిన ఇటో ఎన్ కంపెనీ దాటాల్సి వచ్చిన ముఖ్యమైన అడ్డంకి ఇదే. డబ్బాలోని గాలిని నైట్రోజన్‌తో తరిమేసి, విటమిన్ సి కలిపితే తప్ప రంగు నిలవలేదు. కశ్మీర్‌లో ఇదే రసాయన గుణాన్ని తలకిందులు చేసి వాడుకుంటారు. నూన్ చాయ్‌కి వాడేది గ్రీన్ టీ ఆకే. దాన్ని సోడా ఉప్పు వేసి గంటల కొద్దీ మరిగిస్తే నెత్తురు ఎరుపు దిగుతుంది, పాలు పోస్తే గులాబీ రంగు. హిమాచల్‌లోని కాంగ్రా లోయలో 19వ శతాబ్దం నడిమిన చైనా మొక్కలతో వేసిన తోటల గ్రీన్ టీకి కశ్మీర్ పాత గిరాకీయే. తోటలో పచ్చగా చుట్టిన ఆకు పొయ్యి మీద ఎర్రబడినా సరుకు మారినట్టు కాదు.

మన ఊళ్లలో సోడా ఉప్పు వేయకుండానే ఈ పని కొంతవరకు జరిగిపోతుంది. బోరు నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువగా ఉన్నచోట ఆ నీళ్లను మరిగిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి క్షారగుణం పెరుగుతుంది. అందులో ముంచిన టీ బ్యాగ్ నుంచి దిగేది చూస్తుండగానే ముదురుతుంది. అదే బ్యాగ్‌ను ఆర్‌ఓ క్యాన్ నీళ్లలో ముంచితే కప్పు లేతగా, తేటగా ఉంటుంది. నిమ్మచెక్క పిండితే రంగు ఇంకాస్త వెలిసి ఆక్సీకరణం నెమ్మదిస్తుంది. పొయ్యి మీద కళపెళా మరిగించే మన అలవాటును పక్కన పెట్టి 75, 80 డిగ్రీల నీళ్లు వాడితే వగరు తగ్గుతుంది, రంగూ తేటగా ఉంటుంది. చల్లటి నీళ్లలో వేయగానే చిక్కటి ఆకుపచ్చ దిగిందంటే మాత్రం ఆ పొడిని తడిపిన వడపోత కాగితం మీద చల్లి చూడాలి. కాగితం మీద రంగు చారలు పాకితే అది ఆకు రంగు కాదు, ఎవరో పూసినది. టీలో బయటి రంగు కలపకూడదని మన ఆహార నిబంధనల్లో ఉంది. కొనేముందు పెట్టె మీద చూడాల్సింది ప్యాక్ చేసిన తేదీ.